గేదె తేన్పుకి విరుగుడేది: గోబర్ గ్యాసా, యూరియా గడ్డా, పొడి ప్యాకెట్టా?

చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో మాకు రెండు గేదెలు, ఒక ఆవు ఉన్నాయి. మొన్న సాయంత్రం పాలు పితుకుతూ మా అప్ప అడిగింది: "ఏట్రా, గేదెల వల్ల లోకం వేడెక్కిపోతందని టీవీలో సెప్తన్నారు, నిజమేటి?"

నిజమే. అయితే అందరూ నవ్వుకునే వైపు నుంచి కాదు, ఆ గ్యాసు దాదాపు అంతా నోటి నుంచే వస్తుంది. పొట్టలోని మొదటి గదిలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టినప్పుడు మీథేన్ పుడుతుంది, నెమరేస్తూ గేదె దాన్ని తేన్చేస్తుంది. తిన్న మేతలోని శక్తిలో సుమారు 6 శాతం అలా పోతుంది. మనం డబ్బు పెట్టి కొన్న తవుడు, తెలగపిండి కూడా అందులో ఉన్నట్టే కదా.

గాలిలో మీథేన్ సగటున ఓ పన్నెండేళ్లే నిలుస్తుంది గానీ, ఇరవై ఏళ్ల లెక్క తీస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పుట్టిస్తుంది. 2030కల్లా దీన్ని 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చాలా దేశాలు మాట ఇచ్చాయి. మన దేశం అందులో చేరలేదు. రెండు మూడు పశువులతో బతికే వాళ్ల మీద ఆ భారం పెట్టకూడదన్నది నాకూ సబబే అనిపిస్తుంది. కాబట్టి నేను చూసేది ఒక్కటే: గ్యాసు తగ్గాలి, పాల బిల్లు తగ్గకూడదు.

ఈ మాట ఎత్తగానే ఎవరైనా ముందు చెప్పేది గోబర్ గ్యాసే. మేమూ కట్టించాం. ఇటుకలతో గుమ్మటం కట్టిన మేస్త్రీ లోపల పూత సరిగ్గా వేయలేదు. ఏడాది తిరక్కుండానే సన్నటి బీటలు పడి, పొయ్యి మీద నీలి మంట కాస్తా చిన్నదైపోయింది. మళ్లీ రమ్మంటే ఆయన ఫోనే ఎత్తలేదు. ఆ బీటల్లోంచి పోయేది కూడా మీథేనే, అసలు బాధ అక్కడుంది. గొయ్యి లేకపోతే మనం పేడని పిడకలు కొట్టేవాళ్లం, లేదా ఎండలో ఆరబోసేవాళ్లం. గాలి తగిలే పేడ నుంచి మీథేన్ పెద్దగా రాదు. గాలి తగలని గోతిలో కలిపి పెట్టి మనమే దాన్ని తయారుచేస్తున్నాం. మొత్తం మండిస్తే మంచిదే, కారిపోతే మాత్రం ఉన్నదానికంటే చెడ్డ.

ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2006 లెక్కల్లో మన ప్రాంతపు గేదెకి ఏడాదికి తేన్పుల మీథేన్ 55 కిలోలు, పేడ మీథేన్ 5 కిలోలు. గోబర్ గ్యాస్ ఎంత బాగా నడిచినా అది ముట్టుకునేది ఆ 5ని మాత్రమే. వంటింటికి దాని మేలు వేరే ఉంది, కాదనను. పాతిక కిలోల పేడకి ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది, రోజూ అలా వస్తే నెలకి దాదాపు ఒక సిలిండరుకి సరి. గ్యాసు వచ్చాక మిగిలే పేడనీళ్లు (స్లర్రీ) వరి మడికి బంగారం. కానీ మా పశువులు పగలంతా చెరువుగట్టు మీద మేస్తాయి. సగం పేడ అక్కడే పడుతుంది, గంపెడు కూడా ఇంటికి రాదు. నాలుగైదు పశువుల్ని శాలలోనే కట్టి మేపేవాళ్లకైతే కట్టించుకోమనే చెప్తాను. మంచి మేస్త్రీని చూసుకుని.

ఇక ఆ 55 సంగతి. మన దగ్గర పశువుకి ముఖ్యమైన మేత వరిగడ్డి. అందులో పీచే తప్ప మాంసకృత్తులు పెద్దగా ఉండవు. కష్టంగా అరుగుతుంది, గ్యాసు ఎక్కువ, పాలు తక్కువ. దీన్ని యూరియాతో మాగబెట్టడం పాత పద్ధతే, ఎందుకో మన ఊళ్లలో నిలబడలేదు. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్లు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి ఆ నాలుగు కిలోలకి పాతిక రూపాయలు కూడా పడవు. గడ్డి ఒక వరస పరిచి, రోజ్ క్యాన్‌తో చల్లి, పిల్లల్ని ఎక్కించి తొక్కించి, మళ్లీ వరస. పైన టార్పాలిన్ కప్పి అంచులకి మట్టి వేసి 21 రోజులు ముట్టుకోకూడదు. తెరిచిన రోజు ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. గడ్డి మెత్తబడి గోధుమరంగుకి వస్తుంది. ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదటి నాలుగు రోజులు మామూలు గడ్డితో కలిపి వేయాలి. మా నల్ల గేదె మొదటి పూట మూతి తిప్పేసుకుంది, మూడో రోజుకి గాడి ఖాళీ. ఆరు నెలల లోపు దూడలకి మాత్రం వేయకండి. యూరియా నీళ్ల బకెట్ పశువులకి అందేచోట పెట్టకండి, తాగితే ప్రాణం పోతుంది.

దీనికి తోడు వరి కోతకి ముందు మడిలో పిల్లిపెసర అనే మేత పైరు చల్లుకుంటే పచ్చిమేత కూడా దొరుకుతుంది. మాకు రెండు గేదెల మీద పూటకి అరలీటరు పెరిగింది. అద్భుతమేమీ కాదు, కానీ ఖర్చు చూస్తే లాభమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచి గడ్డి ఎక్కువ తింటుంది కాబట్టి ఆ గేదె తేన్పు తగ్గదు, 55 కాస్తా 65 కూడా కావచ్చు. తగ్గేది లీటరు పాలకి పడే వాటా. రోజుకి మూడేసి లీటర్లిచ్చే రెండు గేదెలు 110 కిలోలు వదిలితే, ఆరు లీటర్లిచ్చే ఒక్క గేదె 65తో సరిపెడుతుంది. అంటే మేత మార్చి పశువు ఒకటి తగ్గించినప్పుడే లెక్క కుదురుతుంది. లేదంటే మనకి పాలు, ఆకాశానికి ఇంకొంచెం గ్యాసు.

పొడుల సంగతి తొందరగా తేల్చేస్తాను. బోవేర్ అనే మందు రోజుకి పావు చెంచా దాణాలో కలిపితే పాడి ఆవుల్లో తేన్పుల మీథేన్‌ని సుమారు 30 శాతం తగ్గిస్తుంది. యూరప్‌లో 2022లో అనుమతి వచ్చింది. బెంగళూరులోని పశుపోషణ పరిశోధన సంస్థ మన చెట్లలోని వగరు పదార్థాలతో (టానిన్లతో) 'హరిత్ ధార' చేసింది, 17 నుంచి 20 శాతం తగ్గుతుందంటున్నారు. రెండూ రోజూ కొలిచి దాణాలో పెట్టాల్సినవే. గట్టు మీద మేసే గేదెకి పొడి ఎవరు కలుపుతారు? పాలు పెరుగుతాయన్న భరోసా లేకుండా గ్యాసు తగ్గడం కోసమే డబ్బు పెట్టమంటే మా ఊళ్లో ఒక్కరూ కొనరు, నేనూ కొనను. పాలకేంద్రమే దాణాలో కలిపి అదే ధరకి ఇస్తే అప్పుడు చూద్దాం.

కాబట్టి మాలాంటి రెండు మూడు పశువుల ఇంటికి నా ఓటు యూరియా గడ్డికే, పచ్చిమేత తోడుగా. మా ఆవు రెండేళ్లుగా చూడి కట్టడం లేదు. మేపుతున్నాం, అది తేన్చుతోంది, పాల చుక్క లేదు. గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్లి చూపిద్దామంటే అప్ప సరేనంది. అక్కడా ఫలితం లేకపోతే ఏం చేద్దామని అడిగాను. జవాబు చెప్పకుండా పాలచెంబు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.