బరువు లాగే పికప్‌కు మాన్యువలా, ఆటోమేటికా: రెండు బళ్లు, పదహారేళ్ల వాడకం

2009లో నేను కొన్న మొదటి హెవీ డ్యూటీ పికప్ 2006 మోడల్ డీజిల్ బండి. దానికి ఆరు గేర్ల మాన్యువల్ పెట్టె ఉండేది. ఎనిమిదేళ్లలో దాని మీద దాదాపు 1,80,000 కిలోమీటర్లు తిరిగి, 2017లో ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉన్న మరో డీజిల్ పికప్‌కు మారాను. అది నేటికీ నా దగ్గరే పనిచేస్తోంది. రెండు బళ్ల వెనుకా తగిలించింది ఒకే ట్రైలర్, అందులో ఎక్కించింది ఒకే మినీ ఎక్స్‌కవేటర్. ట్రైలర్‌తో కలిపి బరువు అయిదు టన్నులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పని మారలేదు, బరువు మారలేదు, నడిపే మనిషీ మారలేదు కాబట్టి గేరుపెట్టెల తేడాను విడిగా చూడగలిగాననే నమ్మకంతో ఇది రాస్తున్నాను. బళ్ల తయారీదారులెవరన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఈ విషయం మీద వాదించేవాళ్లు ఎక్కువగా హైవే గురించి, ఘాట్ రోడ్డు ఎక్కడం గురించి, గేరు మార్చడంలోని ఆనందం గురించి మాట్లాడతారు. ఆ ఆనందం నిజమైనదే, దాన్ని నేనూ అనుభవించాను. అయితే నా అనుభవంలో ఈ ఎంపికను తేల్చేది గంటకు వంద కిలోమీటర్ల వేగం కాదు, రెండు కిలోమీటర్ల వేగం. నిండు ట్రైలర్‌ను ఎగువకు రివర్స్‌లో తోసి, పని జరిగే స్థలంలో ఒక మూలకు సరిగ్గా చేర్చవలసి వచ్చినప్పుడే ఏ గేరుపెట్టె ఎంతటిదో తెలుస్తుంది.

లెక్క వేసి చూస్తే కారణం స్పష్టమవుతుంది. నా పాత బండి మొదటి గేరు నిష్పత్తి దాదాపు 5.8, వెనుక ఆక్సిల్ నిష్పత్తి 3.73. రెండింటినీ గుణిస్తే ఇంజన్ సుమారు 21.6 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. డీజిల్ ఇంజన్ ఐడ్లింగ్‌లో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా, నిమిషానికి 750 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఆ పరిమాణం టైర్లతో బండి గంటకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కదులుతుంది. రివర్స్ గేరు నిష్పత్తి కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. వట్టి బండికి అది నడక వేగమే, కానీ వెనుక ట్రైలర్ మడత పడకుండా అద్దాల్లో చూసుకుంటూ తోసేవాడికి అది పరుగే. అంతకంటే నెమ్మదిగా వెళ్లాలంటే క్లచ్‌ను సగం తొక్కి జారనివ్వాలి. జారుతున్న క్లచ్ అంటే రెండు పలకల మధ్య రాపిడి, రాపిడి అంటే వేడి, ఆ వేడిని తీసుకుపోవడానికి అక్కడ నూనె లేదు, కూలర్ లేదు. ఫ్లైవీల్ లోహం దాన్ని మింగినంత మింగుతుంది, మిగతాది క్లచ్ పలకను కాలుస్తుంది.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం ఫోర్ వీల్ డ్రైవ్‌లోని లో రేంజ్. శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో 2.72 నిష్పత్తి ఉంటే, అదే ఐడ్లింగ్ వేగం గంటకు రెండు కిలోమీటర్ల లోపుకు దిగుతుంది, అంటే క్లచ్ పూర్తిగా వదిలేసి తాపీగా వెనక్కి పాకించవచ్చు. చిక్కేమిటంటే గట్టి సిమెంటు నేల మీద ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి బిగుసుకుని, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా డ్రైవ్‌లైన్ మొత్తం మూలుగుతుంది. ముందు చక్రాల హబ్‌లను చేత్తో లాక్ చేసే రకం బండి అయితే హబ్‌లను విడిచిపెట్టి లో రేంజ్ వేసుకోవచ్చు, అప్పుడు శక్తి వెనుక చక్రాలకే వెళ్తుంది. నా బండికి ఆ సౌకర్యం లేదు. మాన్యువల్ కొనదలచినవారు ముందు ఈ హబ్‌ల సంగతి అడిగి తెలుసుకోవడం మంచిదని నా సలహా. విచిత్రంగా దాన్ని ఎవరూ అడగరు.

క్లచ్ కాల్చిన రోజు నాకు బాగా గుర్తుంది. వాన పడి నేల మెత్తబడింది, ఎగువకు ఇరవై మీటర్లు రివర్స్ చేయాలి, ఎదురుగా మరో లారీ తొందరపెడుతోంది. మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించేసరికి కాలిన బ్రేక్ లైనింగ్ వాసన క్యాబిన్ అంతా నిండిపోయింది. ఆ రోజు పని పూర్తయింది గానీ, ఆ తర్వాత నెల తిరగకముందే అయిదో గేరులో ఎక్సలేటర్ నొక్కితే ఇంజన్ చుట్లు పెరిగి బండి మాత్రం వేగం అందుకోని స్థితి వచ్చింది. గేరుపెట్టె దించి చూస్తే క్లచ్ పలకతో పాటు రెండు దిమ్మెల మధ్య స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ కూడా పోయింది. దాని స్థానంలో ఒకే దిమ్మె ఉన్న ఫ్లైవీల్ వేయించాను. అది ఎక్కువ వేడిని తట్టుకుంది, అయితే ఇంజన్ అదుర్లను మింగే స్ప్రింగులు లేనందువల్ల న్యూట్రల్‌లో నిలబడినప్పుడల్లా గేర్లు గలగలలాడేవి. చూడటానికి వచ్చిన ప్రతివాడూ బండిలో ఏదో ఊడిపోయిందనే అనుకునేవాడు.

ఇక ఆటోమేటిక్ బండి సంగతి. అదే స్థలంలో, అదే ట్రైలర్‌తో, మొదటిసారి రివర్స్ చేసినప్పుడు నాకు కాస్త సిగ్గనిపించింది. ఎనిమిదేళ్లు పట్టిన నేర్పు అవసరమే లేకుండా పోయింది. ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ఉన్న టార్క్ కన్వర్టర్‌లో శక్తిని నూనె మోస్తుంది. బండి కదలక ముందు, ఇంజన్ తిరుగుతూ చక్రాలు ఆగి ఉన్న క్షణంలో, అది టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, రెండింతల దాకా పెంచి పంపగలదు. అందుకే ఆటోమేటిక్ మొదటి గేరు నిష్పత్తి మూడు, మూడున్నర దగ్గరే ఉన్నా కదిలే శక్తిలో మాన్యువల్‌కు తీసిపోదు. బ్రేక్ మీద పాదం ఉంచి కొద్దికొద్దిగా వదులుతూ పోతే ట్రైలర్ అంగుళాల లెక్కన కదులుతుంది. ఇక్కడా జారుడు ఉంది, వేడీ ఉంది, కానీ ఆ వేడి నూనెలోకి వెళ్తుంది, నూనె కూలర్‌కు వెళ్తుంది.

అలాగని ఆటోమేటిక్‌కు వేడి బాధ లేదనుకుంటే పొరపాటు. అది చోటు మార్చుకుంది, అంతే. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే నూనె వేడి, పొడవైన ఎక్కుడులో ముందున్న వాహనం వెనుక గంటకు ముప్ఫై కిలోమీటర్లతో ఈడ్చవలసి వచ్చినప్పుడు 110 దాటడం నేను చూశాను. కారణం కన్వర్టర్ లాక్ కాకపోవడమే. లోపలి లాకప్ క్లచ్ పట్టుకుంటే ఇంజనూ గేరుపెట్టే ఒకటిగా తిరుగుతాయి, వేడి పుట్టదు. పట్టు వదిలితే నూనె చిలకబడుతూ కాగుతుంది. అలాంటప్పుడు బరువు లాగడానికి తగినట్టు గేర్లను మార్పించే టో హాల్ మీట నొక్కి, చేత్తో ఒక గేరు తగ్గించి, లాక్ పడేంత వరకు ఇంజన్ చుట్లు పెంచితే అయిదారు నిమిషాల్లోనే ముల్లు కిందికి దిగుతుంది. ఎక్సలేటర్ వదిలితే చల్లబడుతుందనుకుని నెమ్మదించేవారు తెలియక చేటు తెచ్చుకుంటున్నారు. నూనె వేడి చూపించే ముల్లు లేదా అంకె డాష్‌బోర్డులో లేని బండితో బరువు లాగవద్దని నేను గట్టిగా చెబుతాను.

దిగుడు విషయంలో నా అభిప్రాయం ఈ పదహారేళ్లలో తలకిందులైంది. మాన్యువల్ ఉన్నప్పుడు, ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప సంబంధం ఉంది కాబట్టి దిగుడులో దీన్ని మించినది లేదని వాదించేవాణ్ని. అందులో సగమే నిజం. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు ఇంజన్‌లా లోపలికి వెళ్లే గాలిని థ్రాటిల్ అనే తలుపు అడ్డుకోదు, అందువల్ల ఎక్సలేటర్ వదిలినంత మాత్రాన బండిని పెద్దగా వెనక్కి పట్టి ఉంచలేదు. ఆ పని చేసేది పొగగొట్టాన్ని మూసి ఒత్తిడి పెంచే ఎగ్జాస్ట్ బ్రేక్. మాన్యువల్‌లో అది చక్కగా పనిచేస్తుంది, కానీ గేరు తగ్గించడానికి క్లచ్ తొక్కిన క్షణం అది లేనట్టే. వెనుక అయిదు టన్నులు తోస్తుండగా ఆ ఒకటి రెండు సెకన్లలో వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే తక్కువ గేరు పడదు, పడకపోతే బండి న్యూట్రల్‌లో ఉంటుంది. నాకు ఒక్కసారే అలా జరిగింది. చక్రాల బ్రేకుల మీదే భారం వేసి, కింద సమతలం చేరేసరికి వాటి నుంచి పొగ లేచింది. అప్పటి నుంచి దిగుడు మొదలుకాక ముందే, పైనే, గేరు ఎంచుకునేవాణ్ని. పాత డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగమని చెప్పేది అందుకే.

ఆటోమేటిక్‌లో టో హాల్, ఎగ్జాస్ట్ బ్రేక్ రెండూ వేసి బ్రేక్ ఒకసారి తట్టితే, అది లాక్ ఉంచుకునే ఒక గేరు దిగి ఆ వేగాన్ని పట్టుకుంటుంది. మధ్యలో పట్టు తప్పే క్షణం దాదాపు లేదు. అయితే ఇది కొత్త తరం పెట్టెల గుణం. ఎక్సలేటర్ వదలగానే లాక్ కూడా వదిలేసే పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల కంటే దిగుడులో మంచి మాన్యువల్ ఎంతో నయం.

మార్కెట్ ఈ వాదనను మన కోసం చాలావరకు ముగించేసింది. అమెరికాలో ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 2010 మోడల్ తర్వాత మాన్యువల్ రాలేదు. 2018 మోడల్ దాకా దాన్ని నిలిపి ఉంచింది కమిన్స్ డీజిల్ ఇంజన్ ఉన్న రామ్ పికప్ ఒక్కటే. ఆ చివరి ఏడాది అంకెలు చూస్తే ఎందుకు ఆగిపోయిందో అర్థమవుతుంది: అదే 6.7 లీటర్ల ఇంజన్‌ను మాన్యువల్‌తో తీసుకుంటే 660 పౌండ్-అడుగుల టార్క్, అన్నిటికంటే బలమైన ఆటోమేటిక్‌తో తీసుకుంటే 930. ఇంజన్ ఇవ్వగలిగినదాన్ని క్లచ్, గేర్లు మోయలేవని తయారీదారే ట్యూనింగ్ తగ్గించి ఒప్పుకున్నట్టయింది. కనుక ఈనాడు మాన్యువల్ హెవీ డ్యూటీ పికప్ కావాలంటే పాత బండినే వెతకాలి.

మైలేజీ గురించి ఎక్కువ చెప్పను. హైవేలో గంటకు వందకు నా మాన్యువల్ 1,850 చుట్ల దగ్గర తిరిగితే ఆటోమేటిక్ 1,600 దగ్గర తిరుగుతుంది. బరువుతో వెళ్లినప్పుడు ఇంధనంలో తేడాను నేను కనిపెట్టలేకపోయాను.

నిర్వహణలో మాత్రం మాన్యువల్‌కు ఒక గొప్ప సుగుణం ఉంది: అది చెప్పి చెడుతుంది. క్లచ్ జారడం మొదలైతే వారాల ముందే తెలుస్తుంది, గేర్ల వేగాలను కలిపే సింక్రో అరిగితే గేరు పడేటప్పుడు కరకరమంటుంది, మామూలు మెకానిక్ కూడా విప్పి బాగుచేయగలడు. ఆటోమేటిక్ చాలాకాలం నోరు మెదపదు, చెడితే మొత్తం పెట్టె బయటికి రావలసిందే, అయ్యే ఖర్చు క్లచ్ మార్పిడికి ఎన్నో రెట్లు. అందుకే బరువు లాగే నా ఆటోమేటిక్‌కు ప్రతి 50,000 కిలోమీటర్లకు నూనె, ఫిల్టర్ మారుస్తాను. నూనె జీవితకాలం ఉంటుందని ఎవరైనా చెబితే, ఎవరి జీవితకాలమని అడగాలి.

వట్టి బండి ఎక్కువగా తిప్పుతూ, ఏడాదిలో నాలుగైదుసార్లే ట్రైలర్ తగిలించి, బండిని తానొక్కడే నడుపుతూ, స్వయంగా రిపేరు చేసుకునే అలవాటున్నవారికి మంచి స్థితిలోని పాత మాన్యువల్ దొరికితే నేను అడ్డు చెప్పను. రోజూ బరువు లాగేవారికి, పనివాళ్లు కూడా బండి నడపవలసిన చోట, ట్రాఫిక్‌లో గంటల కొద్దీ నిలబడేవారికి ఆటోమేటిక్ తప్ప మరొకటి సూచించలేను. నా ఎడమ మోకాలు కూడా ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది.

పాత బండి చూడటానికి వెళ్లినప్పుడు నేను చేసే పరీక్షలు రెండే. మాన్యువల్ అయితే చిన్న ఎక్కుడులో పై గేరు వేసి, ఇంజన్ 1,500 చుట్ల దగ్గర ఉండగా ఎక్సలేటర్ పూర్తిగా నొక్కుతాను; బండి వేగం పెరగకుండా చుట్లు మాత్రం ఎగిస్తే క్లచ్ ఖర్చు బేరంలో కలపవలసిందే. ఆటోమేటిక్ అయితే సమతలంలో ఒకే వేగంతో పోతూ ఎక్సలేటర్ కదపకుండా చుట్ల ముల్లునే చూస్తాను. లాక్ పడినప్పుడు అది రెండు మూడు వందల చుట్లు ఒక్కసారిగా కిందికి దిగి అక్కడే నిలవాలి. దిగకపోయినా, దిగి మళ్లీ మళ్లీ ఊగుతున్నా, యజమాని ఎంత తగ్గిస్తానన్నా తాళాలు తిరిగి ఇచ్చేస్తాను.