నడుము ఆపరేషన్‌కు సర్జన్‌ను ఎలా ఎంచుకున్నాను: ఐదేళ్ల తర్వాత

నేను ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. రోజుకు 5 పీరియడ్లు నిలబడి చెప్పాలి కాబట్టి నడుము నొప్పి మామూలే అనుకుంటూ వచ్చాను. 2019 వేసవిలో అది నడుము దాటి ఎడమ పిరుదు, తొడ వెనక, పిక్క మీదుగా బొటనవేలి దాకా దిగింది. తుమ్మితే ప్రాణం పోయినట్టుండేది. ఎంఆర్ఐ తీయిస్తే నడుములో 4, 5 పూసల మధ్య దిండులా ఉండే డిస్క్ జారి నరాన్ని ఒత్తుతోందని, దాని కింది డిస్క్ కూడా కొంచెం ఉబ్బిందని తేలింది.

మొదట పేరున్న ఆసుపత్రికే వెళ్లాను. అక్కడి సర్జన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, రెండు చోట్లా పూసలను బిగించే స్క్రూలు వేయాలి, వచ్చే వారమే చేరమన్నారు. నన్ను పడుకోబెట్టి చూడలేదు, కాలు ముట్టుకోలేదు. బయటికి రాగానే ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. ఆ రాత్రంతా నిద్ర లేదు.

రెండో ఆయన న్యూరోసర్జరీలో (మెదడు, వెన్ను, నరాల ఆపరేషన్లు) ఎం.సీహెచ్. అనే పై డిగ్రీ చేసినవారు. (వెన్నెముకలో ప్రత్యేక శిక్షణ పొందిన ఎముకల డాక్టర్లూ ఈ ఆపరేషన్ చేస్తారు. రోజూ వెన్నెముక కేసులే చూస్తారా అన్నది అడిగి తెలుసుకోవాలి.) ఆయన ఫిల్ము పక్కన పెట్టి ముందు చెప్పులు విప్పమన్నారు. మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు. పడుకోబెట్టి కాలు మెల్లగా పైకెత్తారు. తర్వాత బొటనవేలు పైకి లేపమని, తన వేలితో కిందికి నొక్కుతూ "గట్టిగా ఆపండమ్మా" అన్నారు. ఆపగలిగాను.

"బలం ఉంది. 6 వారాలు ఆగుదాం, చాలామందికి ఈలోపే తగ్గుతుంది" అన్నారు. కింది డిస్క్ సంగతి అడిగితే, నలభై దాటాక ఏ నొప్పీ లేనివారిలోనే సగం మందికి అలాంటి ఉబ్బు కనిపిస్తుందట. ఎప్పుడు అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలో చీటీ వెనక రాసిచ్చారు: మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చుంటే ఆనే భాగంలో, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా.

ఐదో వారం బడి వరండాలో నడుస్తుంటే వెనక నుంచి ఒక పాప "టీచర్, మీ చెప్పు!" అంది. ఎడమ చెప్పు ఎప్పుడో ఊడిపోయింది, నాకు తెలియనే లేదు. సాయంత్రానికి డాక్టరు ముందున్నాను. ఈసారి ఆయన వేలు ఆనగానే నా బొటనవేలు వంగిపోయింది. ఇక ఆగకూడదని ఆయనే అన్నారు.

అప్పుడు నా అనుమానాలన్నీ అడిగాను. కోసేది మీరేనా? స్క్రూలు ఎందుకు వద్దు? మళ్లీ జారదా? పూసలు నిలకడగానే ఉన్నాయి, స్క్రూల పని లేదన్నారు. వందలో 5 నుంచి 10 మందికి మళ్లీ జారవచ్చని దాచకుండా చెప్పారు. "కాలి నొప్పికే ఈ ఆపరేషన్. నడుము నొప్పి పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను" అన్నారు. ఆ మాటతోనే నాకు ధైర్యం వచ్చింది.

మైక్రోస్కోప్ కింద చేశారు, కోత 3 సెంటీమీటర్లు. మత్తు వదిలేసరికి కాలి లాగుడు లేదు, మర్నాడే నడిచాను. వేలికి బలం రావడానికి మాత్రం 8 నెలలు పట్టింది. పాదం మీద రూపాయి బిళ్లంత తిమ్మిరి ఇప్పటికీ ఉంది. వరుసగా 3 పీరియడ్లు నిలబడితే నడుము పట్టేస్తుంది, ఆయన ముందే చెప్పినట్టు. వ్యాయామం వారం మానేస్తే తేడా తెలిసిపోతుంది.

ఈ మధ్య మా మరిదికి ఇదే నొప్పి వస్తే ఆయన దగ్గరకే తీసుకువెళ్లాను. చెప్పులు విప్పించి, నడిపించి, వేలు నొక్కి చూసి, ఆపరేషన్ అక్కర్లేదని మందులు రాసి పంపించేశారు. రెండు నెలలకు మరిది మళ్లీ పొలానికి వెళ్తున్నాడు.