తాకి చూసే గుడ్డ పుస్తకం: మూడేళ్ళ వాడకం తర్వాత

మా మనవరాలి మూడో పుట్టినరోజుకి చేనేత ప్రదర్శనలో ఈ గుడ్డ పుస్తకం కొన్నాను. 650 రూపాయలు. జానెడేసి పేజీలు 16, పేజీకో రకం గుడ్డ. చారలు, గళ్ళు, చుక్కలు, పూలు, మఖమల్, కార్డురాయ్, టర్కీ తువ్వాలు, గోనె పట్టా ఉన్నాయి. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. పిల్లకు ఇప్పుడు ఆరేళ్ళు నిండాయి. ఇంట్లో ఎన్ని బొమ్మలున్నా ఇంతగా అరిగిన వస్తువు మరొకటి లేదు.

చారలంటే ఏమిటో, గరుకంటే ఏమిటో విడివిడిగా చెప్పడం తేలికే. ఒకటి కంటికి, ఒకటి వేలికి అని నేర్పడమే కష్టం. నేను ఎన్నో రోజులు నోటితో చెప్పి విసిగిపోయాను. ఒక మధ్యాహ్నం కార్డురాయ్ పేజీ తీసి "ఇవీ చారలే కదా" అంది పిల్ల. కాదనడానికి లేదు. పక్కనే చారల చొక్కా గుడ్డ ఉన్న పేజీ పెట్టి, కళ్ళు మూసుకుని రెండింటినీ తడమమన్నాను. కార్డురాయ్ మీద అడ్డంగా లాగితే గట్లు ఒక్కొక్కటే వేలికి తగిలాయి. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ పోయింది. చొక్కా గుడ్డ మీద వేలు ఈ చివరి నుంచి ఆ చివరికి జారిపోయింది. కళ్ళు తెరిచి చూసింది, మళ్ళీ మూసుకుని తడిమింది. "అమ్మమ్మా, ఈ చారలు వేలికి కనిపించవు" అంది. ఆ ఒక్క మాటకే నా డబ్బు గిట్టుబాటయింది.

మాటలు కూడా పెరిగాయి. మెత్తన, నునుపు ఒకటే అనుకునేది. టర్కీ తువ్వాలు మెత్తగా ఉంటుంది కాని నున్నగా ఉండదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నా నూలు చీర నున్నగా ఉంటుంది కాని బిరుసు. రెండూ ఒళ్ళో వేసుకుని పోల్చి చూశాక మళ్ళీ పొరబడలేదు.

గళ్ళ పేజీ బాగా కుదిరింది, ఎందుకంటే అది అచ్చు కాదు, నేసిన గుడ్డ. ఎరుపు, తెలుపు దారాలు రెండే. కాస్త దూరం నుంచి చూస్తే ఎర్ర పడుగును (నిలువు దారాన్ని) తెల్ల పేక (అడ్డ దారం) దాటిన చోట గులాబీ రంగు కనిపిస్తుంది, భూతద్దం పెడితే ఎర్ర, తెల్ల పోగులు విడివిడిగా కనిపిస్తాయి. నిలువు చారల మీద అడ్డ చారలు పడితే గళ్ళు వస్తాయని దానికి అక్కడే అర్థమైంది. చెబితే నమ్మేది కాదు.

లోపాలూ చెప్పాలి. మొదటి ఉతుకులోనే ఎర్ర చుక్కల రంగు దిగి పక్క పేజీ కరాబైంది. గోనె పట్టాను కుట్టకుండా జిగురుతో అంటించారు, ఆరు నెలలకే ఊడింది. నాకు నిజంగా బాధ కలిగించింది ఇక్కత్ పేజీ. పేజీ విప్పి వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. అది అచ్చు వేసిన గుడ్డ. అసలు ఇక్కత్‌లో నేతకు ముందే దారానికి అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు ఎక్కదు. అందుకే నేశాక పువ్వు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మగ్గం మీద దారాలు వెంట్రుకవాసి జరుగుతాయి కనుక అంచులు చెదిరినట్టుంటాయి. పోచంపల్లి ఇక్కత్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి పనితనమేనని చెప్పే చట్టబద్ధమైన ముద్ర) వచ్చింది. ఆ పనితనాన్ని పిల్లలకు చూపించే పుస్తకంలోనే నకలు పెట్టడం తప్పు. నా పాత పోచంపల్లి చీర కొంగులోంచి ఒక ముక్క కత్తిరించి అక్కడ కుట్టాను. కత్తెర పెట్టడానికి మనసొప్పలేదు, కాని ఇప్పుడు పిల్ల ఏ దుకాణంలో గుడ్డ చూసినా ముందు వెనక్కి తిప్పుతుంది.

మూడేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటికి కొనమనే చెబుతాను. కొనేముందు ప్రతి పేజీ వెనక వైపు చూడండి, జిగురు పేజీలను ఇంటికి రాగానే కుట్టేయండి, మొదటిసారి విడిగా నానబెట్టండి. పిల్ల పక్కన పెద్దవాళ్ళు కూర్చోకపోతే అది మామూలు గుడ్డల కట్టే.

ప్రస్తుతం పుస్తకం ఏడు నెలల మా మనవడి చేతికి వచ్చింది. వాడు ఎరుపు తెలుపు గళ్ళ పేజీని అలాగే చూస్తూ ఉండిపోతాడు, తర్వాత నోట్లో పెట్టుకుంటాడు. గోనె పోగులు ఊడి వస్తున్నాయని ఆ పేజీ మాత్రం తీసి బీరువాలో దాచాను.