వర్డ్‌లో 5/16 లాంటి భిన్నాలు: ఏ పద్ధతి బాగుంది?

1/2, 1/4, 3/4 కొట్టి స్పేస్ ఇస్తే మైక్రోసాఫ్ట్ వర్డ్ వాటిని ½, ¼, ¾ గా మార్చేస్తుంది, కానీ 5/16 మాత్రం అలాగే ఉండిపోతుంది. బోల్టు సైజుల పట్టికలో ½ ఒకలా, 7/16 ఇంకోలా కనిపిస్తే అతుకులబొంతలా ఉంటుంది.

ఆల్ట్ పట్టుకుని ఈక్వల్స్ కొడితే ఈక్వేషన్ పెట్టె వస్తుంది, అందులో 5/16 కొట్టి స్పేస్ ఇస్తే గీత పైన 5, కింద 16 చక్కగా కూర్చుంటాయి. లెక్కల ప్రశ్నపత్రానికి ఇదే బెస్ట్. మామూలు పేరాలో మాత్రం నాకు నచ్చలేదు, ఫాంట్ కేంబ్రియా మ్యాథ్‌కి మారిపోతుంది, అంకెలు చిన్నవైపోతాయి.

పేరాల్లోకి నేను చెప్పేది చేత్తో చేసే పద్ధతే. ముందు 2044 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే భిన్నానికి తగ్గ వాలు గీత వస్తుంది (5 పక్కనే కొట్టకండి, 52044 మొత్తాన్నీ కోడ్ అనుకుంటుంది), తర్వాత దాని ముందు 5, వెనక 16 వేసి, 5ని సూపర్‌స్క్రిప్ట్ (చిన్నగా పైకి), 16ని సబ్‌స్క్రిప్ట్ (చిన్నగా కిందకి) చేయాలి. శ్రమే, కానీ ఒకసారి చేసి ఆటోకరెక్ట్‌లో (కొట్టినదాన్ని వర్డ్ తనంతట తానే మార్చే సదుపాయం) ఫార్మాట్‌తో సహా దాచుకుంటే మళ్లీ ఆ టెన్షన్ ఉండదు.

లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవాళ్లకి ఇంకా సుఖం, పైగా అది ఉచితం. భిన్నాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి, క్యారెక్టర్ డైలాగ్‌లో ఫీచర్స్ బటన్ నొక్కి భిన్నాల ఆప్షన్ పెడితే చాలు. ఫాంట్‌లో ఆ సదుపాయం ఉండాలి, అదొక్కటే షరతు.