ఇంగ్లీషు ‘వీ’ (V) అక్షరం: ‘ఏ’ (A)ను తిప్పాలా, విడిగా గీయాలా?

హైదరాబాద్‌లో తెలుగు ఫాంటుకు జతగా ఇంగ్లీషు సెరిఫ్ (గీతల చివర చిన్న అంచులుండే) పెద్ద అక్షరాలు గీసేవారికి ఈ సందేహం తరచూ వస్తుంది.

శ్రమ: ‘ఏ’ను 180 డిగ్రీలు తిప్పి అడ్డగీత తీసేస్తే ఎడమ గీత మందంగా, కుడి గీత సన్నగా సరిగ్గానే వస్తాయి, మొన పొట్టిగా కనిపించకుండా కాస్త పొడిగించి చేసిన సవరణ కూడా కలిసివస్తుంది. విడిగా గీస్తే ఇవన్నీ మళ్లీ చూసుకోవాలి.

ప్రమాదం: తిప్పడానికి బదులు తలకిందులుగా ప్రతిబింబిస్తే మందాలు తారుమారవుతాయి. సరిగ్గా తిప్పినా, అడ్డగీత లేని ‘వీ’ లోపలి ఖాళీ పెద్దదిగా, అక్షరం వెడల్పుగా కనిపిస్తుంది కనుక కాస్త ఇరుకు చేయాలి. అయితే ఇరుకు చేసినకొద్దీ వాలు మారి, శుభలేఖలో రవి పేరును ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో వేసినప్పుడు ‘ఏ’, ‘వీ’ల మధ్య తెలుపు ఒకవైపు వెడల్పవుతుంది, ఆ జతకు కెర్నింగ్ (రెండు అక్షరాల మధ్య ఎడం సర్దుబాటు) తప్పనిసరిగా సరిచూడాలి.

ఖర్చు: రెండింటిలోనూ సమయమే.

తొలి నమూనాకు తిప్పడం చాలు. పుస్తకమంతా కూర్చే ఫాంటుకు మాత్రం, ఎంత ఆలస్యమైనా, విడిగా గీయడమే నా దృష్టిలో సరైనది.