గంటస్తంభం దగ్గర ఎనిమిది ఆదివారాలు: కన్యాశుల్కం చదివించే తరగతి

విజయనగరంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆడపిల్లలకు వెల కట్టి పెళ్లి చేయడం మీద గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం నాటకం నాకు తెలుసనే అనుకునేదాన్ని. ఇంట్లో ఏ పని చెడినా, అందులోని గిరీశంలా ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అనడం మా నాన్నగారికి అలవాటు. సావిత్రి మధురవాణిగా నటించిన 1955 నాటి సినిమా చాలాసార్లు చూశాను. గురజాడ వారి ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు నడిచి వెళ్లానో లెక్కలేదు. నాటకం మాత్రం మొదటి అంకం నుంచి ఏడో అంకం దాకా ఒక్కసారి కూడా చదవలేదు.

గంటస్తంభానికి దగ్గర్లో ఒక మేడ మీద, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు అధ్యాపకుడొకరు ఈ నాటకాన్ని అందరిచేత పైకి చదివించి అర్థం చెబుతున్నారని మా మిల్లుకు వచ్చే ఒక రైతు చెప్పారు. ఆయన కూతురు అక్కడ చదువుతోందట. ఎనిమిది ఆదివారాలు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు, రుసుము 600 రూపాయలు. తన పేరు రాయవద్దని మాస్టారు కోరారు కాబట్టి రాయడం లేదు. మేము పద్నాలుగు మందిమి. డిగ్రీ పిల్లలు, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, ఇద్దరు టీచర్లు, బియ్యం మిల్లులో పాతికేళ్లుగా లెక్కలు రాస్తున్న నేను.

మొదటి తరగతి మాత్రం గదిలో జరగలేదు. సాయంత్రం అయిదున్నరకు అందరినీ నాటకం మొదలయ్యే చోటికి, బొంకుల దిబ్బ దగ్గరకు రమ్మన్నారు. ఆటోలు పోతున్నాయి, పక్కన బజ్జీల బండి పొగలో మేమంతా పుస్తకాలు పట్టుకుని నిలబడ్డాం. రైతు కూతురిని చదవమన్నారు. ఆ అమ్మాయి ‘సాయంకాలమైంది’ అని మొదలుపెట్టగానే ఆపి, ‘బొంకు అంటే ఏమిటమ్మా?’ అని అడిగారు. ‘అబద్ధం మాస్టారూ’ అంది. ‘ఈ చోటికి ఆ పేరు గురజాడ పెట్టలేదు, ఊళ్లో ఉన్నదే. గిరీశాన్ని తెచ్చి నిలబెట్టడానికి ఊరంతటిలో ఆయనకు ఇదే చోటు దొరికింది. ఇప్పుడు వాడేమంటున్నాడో చూడు. పూటకూళ్లమ్మ డబ్బు ఏం చేశాడో తనలో తాను ఒప్పుకుంటున్నాడు. పక్కన ఎవరూ లేరు కాబట్టి నిజం చెప్పాడు. ఇలా వాడు నిజం పలికిన చోట్లన్నీ ఏడు అంకాల్లోనూ వెతికి గుర్తు పెట్టుకుని రండి’ అన్నారు.

ఆ ఒక్క పనితో గిరీశం నాకు వేరే మనిషైపోయాడు. అప్పటిదాకా వాడి మాటలకు నవ్వేదాన్ని. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాక, నవ్వొచ్చిన ప్రతిచోటా అవతల ఎవరో ఒకరు మోసపోతున్నారని కనిపించింది. శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పడం లేదు, పూటకూళ్లమ్మకు బాకీ తీర్చడం లేదు, వితంతు వివాహం మీద ఉపన్యాసాలిస్తూ వెంకటేశం అక్క, విధవ బుచ్చమ్మ మీద కన్నేశాడు. బుచ్చమ్మ విషయంలో వాడి మనసు నిజంగానే చెదిరిందా లేదా అని మా గదిలో రెండు వారాలు వాదన నడిచింది. చెదిరిందని రైల్వే పెద్దాయన, లేదని పిల్లలు. మాస్టారు తీర్పు చెప్పలేదు, ఆ మాటలే మళ్లీ చదివించారు. నా మటుకు నాకు పెద్దాయన మాటే సరైనదనిపిస్తుంది. మనసు పడటం వేరు, మంచివాడు కావడం వేరు.

పాత్రలను విడదీసి చూడటానికి మాస్టారు చెప్పిన పద్ధతి ఇది. ఒక్కొక్క పాత్రకు ఒక పేజీ కేటాయించి, ఎవరి దగ్గర ఏం తీసుకుంది, ఎవరికి ఏం ఇచ్చింది, ఎవరికి అబద్ధం చెప్పింది అని రాసుకోవాలి. నాకు ఇది చేతికి అలవాటైన పని. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు గీత గీసుకున్నాను. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్ల పేజీలో జమ వైపు పద్దెనిమిది వందలు, రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వడానికి కుదుర్చుకున్న శుల్కం. పెద్దకూతురు బుచ్చమ్మనూ అలాగే ఇచ్చాడు, ఆమె విధవగా ఇంటికి తిరిగి వచ్చింది. ఖర్చు వైపు మాత్రం డబ్బు రాయలేదు. పెళ్లి ఆపలేక భార్య నూతిలో దూకిందని రాశాను.

మూడో ఆదివారమే ఈ తరగతికి నేనిచ్చిన 600 రూపాయలకు విలువ దక్కింది. ఆ రోజు మాస్టారు 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట నుంచి ఒక భాగాన్ని తెలుగులో చెప్పారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మన ఊరు అప్పుడు ఆ జిల్లాలోదే. మొత్తం 1034 పెళ్లిళ్లు. మాస్టారు అంకెలు బోర్డు మీద వేసి, గట్టిగా చదవమని నన్ను లేపారు. అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

రోజూ నేను రాసేవి ఇలాంటి పట్టికలే. రకం, బస్తాలు, ధర. చివరి వరుస చదివేటప్పుడు నా గొంతు పెగల్లేదు. తరగతిలో పెద్దావిడ, టీచరుగా చేసినావిడ, తన ముత్తవ్వకు ఆరో ఏట పెళ్లైందనీ, పెళ్లినాడు తాళి కన్నా చేతిలో ఉన్న బెల్లం ముక్కే గుర్తుందని చెప్పేదనీ అన్నారు. కాసేపు ఎవరూ పేజీ తిప్పలేదు. ఆ తర్వాత లుబ్ధావధాన్లు బేరం చేసే ఘట్టం చదివాం. అందరం నవ్వాం, నవ్వు ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా ఆ నవ్వు కింద ఏముందో గదిలో ఉన్న అందరికీ తెలుసు. ముందుమాట చదివించకుండా ఈ నాటకాన్ని పాఠంగా చెప్పకూడదని నాకు గట్టిగా అనిపించింది.

నాటకంలోని వేశ్య మధురవాణి కోసం మాస్టారు మొదటి కూర్పు నుంచీ 1909 నాటి రెండో కూర్పు నుంచీ కొన్ని పుటలు జిరాక్సు తీయించి పంచారు. పన్నెండేళ్ల తేడాలో ఆమె పాత్ర ఎంత పెరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. నా పుస్తకంలో ఆమె పేజీలో జమా ఖర్చూ రెండూ నిండిపోయాయి. తనను ఉంచుకున్న రామప్ప పంతులుకు ఎరువిచ్చిన కంటె తిరిగొచ్చేదాకా వదిలిపెట్టదు, లెక్కలో అంత కచ్చితమైన మనిషి. అలాంటి మనిషి చివరి అంకంలో మగవేషంతో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి, తాను చేసే సాయానికి బదులుగా ముద్దు అడుగుతుంది. ఆయన మాట తప్పలేక సిద్ధపడేసరికి ఆమే వద్దంటుంది, చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిందంటుంది. కచ్చితంగా రావలసిన బాకీని చేతులారా కొట్టేసిన పద్దు ఈ నాటకమంతటిలో అదొక్కటే. నేనీ మాట తరగతిలో చెబితే మాస్టారు కాసేపు ఆలోచించి, ‘బాగుందమ్మా, కానీ ఆవిణ్ణి దేవతను చేసేయకండి. రామప్ప పంతుల్ని ఆటాడించడం ఆవిడకు సరదా, అదీ రాయండి’ అన్నారు. రాశాను.

ఇక లోపాలు. మాస్టారికి మొదటి రెండు అంకాలంటే ప్రాణం. నాలుగు ఆదివారాలు వాటికే పోయాయి. చివరి రెండు అంకాలు ఒక్క పూటలో పరుగెత్తించారు. దానివల్ల అన్యాయమైపోయింది మీనాక్షి. లుబ్ధావధాన్ల కూతురు, విధవ, రామప్ప పంతులు చేతిలో పడినది. ఆమెకు పది నిమిషాలు కూడా దక్కలేదు. బుచ్చమ్మకు చివర్లో పూనాలో వితంతువుల శరణాలయమైనా ఉంది, మీనాక్షి సంగతేమిటని నేను అడిగేసరికి పన్నెండు దాటింది, కింద షాపువాళ్లు మెట్ల తలుపు మూసేస్తామంటున్నారు. జిరాక్సు కాగితాల్లో సగం అక్షరాలు ఆనలేదు. మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. పుస్తకం ఎవరిది వారే తెచ్చుకోవాలి, పుట సంఖ్యలు ఒకదానితో ఒకటి కలవక ప్రతిసారీ అయిదు నిమిషాలు వెతుకులాట. అందరికీ ఒకే ముద్రణ తెప్పిస్తే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

పోటీ పరీక్షల కోసం పాత్రల పేర్లు, తేదీలు బట్టీ పట్టాలనుకునేవారికి ఈ తరగతి ఉపయోగపడదు. ఇద్దరు పిల్లలు ఆ ఆశతో చేరి రెండో వారానికే మానేశారు. పైకి చదవడానికి సిగ్గుపడేవాళ్లు మాత్రం వెళ్లాలి. లుబ్ధావధాన్ల పనివాడు అసిరి మాటలు చదివిన కుర్రాడు మొదటి రోజు తలెత్తలేదు. ఏడో వారానికి హెడ్డు కనిస్టేబు మాటలు తనకే ఇవ్వమని పేచీ పెట్టాడు.

తర్వాతి విడత మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యాక మొదలవుతుంది, మళ్లీ ఇదే నాటకం. ఈసారి ఆఖరి అంకాలకు మూడు ఆదివారాలు కేటాయిస్తానని మాస్టారు మాటిచ్చారు. నేను డబ్బు కట్టేశాను. మీనాక్షి మాటలు నేను చదువుతానని ముందే చెప్పి ఉంచాను.