బాస్ ఆర్‌వీ-6, హాల్ ఆఫ్ ఫేమ్ 2: రివర్బ్ పెడల్ ఏది కొనాలి?

కర్నూలులో చర్చిలోనో కల్యాణ మండపంలోనో గిటారు వాయించేవారికి సగం ప్రతిధ్వని గోడలే ఇస్తాయి. గిటారు శబ్దానికి ప్రతిధ్వని చేర్చే రివర్బ్ పెడల్ నుంచి ఇంకొంచెం చాలు.

బాస్ ఆర్‌వీ-6లో ఎనిమిది మోడ్‌లున్నాయి. స్ప్రింగ్ మోడ్ పెట్టి, ఈ-లెవెల్ (ప్రతిధ్వని మోతాదు) నాబ్ తగ్గించి, టోన్‌ను కాస్త ఎడమకు తిప్పితే పాటలోని మాట మసకబారదు. చీకటి వేదిక మీద కూడా ఈ నాబ్‌లను తడుముకోకుండా తిప్పవచ్చు. వాయిస్తూ మోతాదు మార్చాలంటే మాత్రం ఎక్స్‌ప్రెషన్ పెడల్ (పాదంతో మోతాదు పెంచి తగ్గించేది) విడిగా కొనాలి.

టీసీ ఎలక్ట్రానిక్ హాల్ ఆఫ్ ఫేమ్ 2లో ఆ పని మ్యాష్ స్విచ్చే చేస్తుంది: పాదం ఎంత గట్టిగా నొక్కితే అంత ప్రభావం. ఫోను స్పీకరును గిటారు పికప్‌కు (తీగల శబ్దాన్ని పట్టే భాగానికి) ఆనించి టోన్‌ప్రింట్ యాప్ నుంచి కొత్త శబ్దాలు ఎక్కించడం నిజంగా అద్భుతం! గదిలో ప్రయోగాలు చేసేవారికి ఇదే.

వారం వారం వేదిక ఎక్కేవారికి నా ఓటు ఆర్‌వీ-6కే.